ఆందోళన పడే నాయికతో ప్రేమ నవల రాయడం ఎలా?

ప్రేమ నవలలో నాయికను భయస్తురాలిగా పరిచయం చేయడం సులువు. ఆ భయాన్ని చివరి అధ్యాయం దాకా నిజాయితీగా నడపడం కష్టం. కొత్తగా రాసేవాళ్లు చాలామంది మొదటి యాభై పేజీల్లో నాయికను వణికిస్తారు, నాయకుడు చేయి పట్టుకోగానే ఆ వణుకు సంగతే మరిచిపోతారు. నిజంగా ఆందోళనతో రోజులు వెళ్లదీస్తున్న పాఠకురాలు సరిగ్గా ఆ పేజీ దగ్గరే పుస్తకం పక్కన పెడుతుంది. నాయిక ఆందోళనే కథలోని ప్రతి ముఖ్యమైన మలుపుకూ కారణమయ్యేలా నవలను ఎలా కట్టుకోవాలో ఇక్కడ వరసగా చెబుతాను. మాటలు గాలిలో తేలిపోకుండా ఉండేందుకు ఒక నవలను ఊహించుకుని, ప్రతి దశనూ దానికి వర్తింపజేస్తూ వెళదాం.

మన నాయిక సుజాత. వయసు ఇరవై ఆరు. రాజమహేంద్రవరంలో ఒక మందుల దుకాణంలో ఫార్మసిస్టుగా పనిచేస్తుంది. నాయకుడు వాసు. గోదావరికి అవతలి ఒడ్డున కొవ్వూరులో మోటార్లకు వైండింగ్ చేసే షాపు నడుపుతాడు. నెలకోసారి తల్లికి బీపీ మాత్రలు కొనడానికి వంతెన దాటి వస్తాడు. సుజాత మాత్రం ఆ వంతెన ఎక్కి మూడేళ్లయింది.

మొదట ఆందోళన ఏ రకానిదో తేల్చుకోండి

"ఆమెకు టెన్షన్ ఎక్కువ" అన్న ఒక్క మాట మీద నవల నిలబడదు. సిగ్గు వేరు, పిరికితనం వేరు, చికిత్స అవసరమయ్యే ఆందోళన వేరు. రోజులో ఎక్కువ భాగం ఏదో ఒకదాని గురించి అదుపు లేకుండా దిగులుపడటం, అది కనీసం ఆరు నెలల పాటు దాదాపు రోజూ ఉండటం, దానితో పాటు నిద్ర పట్టకపోవడం, కండరాలు బిగుసుకోవడం, తొందరగా అలసిపోవడం, మనసు నిలవకపోవడం, ఊరికే చిరాకు రావడం వంటివి కనిపించడం ఒక రకం. హఠాత్తుగా గుండె దడ, ఊపిరి అందకపోవడం, చచ్చిపోతానేమోనన్న భయం ముంచుకొచ్చి, నిమిషాల్లోనే తారస్థాయికి చేరి, తర్వాత మెల్లగా దిగిపోయే ప్యానిక్ అటాక్ మరొక రకం. నలుగురిలో మాట్లాడితే నవ్వులపాలవుతానన్న భయంతో మనుషులకే దూరమయ్యేవాళ్లు ఇంకొందరు. ఒకే మనిషిలో ఇవి కలిసి ఉండే మాట నిజమే. అయినా మీ నవల వెన్నెముకగా ఒకదాన్నే ఎంచుకోండి. అన్నీ కలిపితే నాయిక మనిషిలా కాకుండా లక్షణాల పట్టికలా తయారవుతుంది.

సుజాతది మొదటి రకం. తన పొరపాటు వల్ల ఇంకొకరికి ప్రమాదం జరుగుతుందన్న దిగులు ఆమెను వదలదు. వంతెన మీద మూడేళ్ల కిందట ఒకసారి ప్యానిక్ అటాక్ వచ్చింది, అప్పటినుంచి ఆ దారిలో బస్సెక్కడం మానేసింది. ఆ ఒక్క అటాక్‌ను కథకు ముందే జరిగిపోయినదిగా ఉంచాం. కథలో అటువంటిది మళ్లీ ఒక్కసారే చూపిస్తాం. ప్రతి మూడో అధ్యాయంలో నాయిక ఊపిరాడక కూలబడితే పాఠకుడికి జాలి పోయి విసుగు మొదలవుతుంది.

తప్పించుకునే పనుల చిట్టా

ఆందోళన బయటి ప్రపంచానికి కనిపించేది ఎక్కువగా పనుల రూపంలోనే. కాబట్టి ఒక్క వాక్యం కథ రాయకముందే, మీ నాయిక ఏయే పనులు తప్పించుకుంటుందో, ఏయే పనులు మళ్లీ మళ్లీ చేస్తుందో ఒక చిట్టా రాసుకోండి. ప్రతి పనికీ ఎదురుగా, దానివల్ల ఆమె పోగొట్టుకుంటున్నది ఏమిటో కూడా రాయండి. సుజాత వంతెన దాటదు, అందువల్ల నిడదవోలులో ఉన్న అక్క కూతురి పుట్టినరోజుకు వెళ్లలేదు. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే ఎత్తదు, అందువల్ల మంచి ఉద్యోగం ఒకటి చేజారింది. దుకాణం మూశాక తాళం నాలుగుసార్లు లాగి చూస్తుంది, అందువల్ల చివరి షేర్ ఆటో తప్పిపోయి రోజూ నడిచి ఇంటికి పోతుంది.

రెండో గడి ఖాళీగా ఉంటే ఆ లక్షణాన్ని కొట్టేయండి. మూల్యం లేని భయానికి కథలో పని ఉండదు.

ఇదే చిట్టాలో ఆందోళన ఆమెకు ఇచ్చిన నేర్పు కూడా ఒకటి రాసుకోవాలని నా గట్టి అభిప్రాయం. మందు పేరు, మోతాదు, గడువు తేదీ మూడూ మూడుసార్లు చూసే సుజాత, డాక్టరు చీటీలో దొర్లిన పొరపాట్లను పట్టుకుంటుంది. ఊళ్లో పెద్దవాళ్లు పక్క దుకాణాలు దాటుకుని ఆమె దగ్గరికే వస్తారు. నాయిక మీద పాఠకుడికి గౌరవం కలగడానికి ఇది అవసరం. కేవలం జాలి మీద ప్రేమకథ ఎక్కువ దూరం సాగదు.

తొలి పరిచయం ఆందోళన నుంచే పుట్టాలి

వానలో గొడుగు, గుడిమెట్ల మీద ఢీకొట్టడం లాంటి పరిచయాలు ఏ నాయికకైనా సరిపోతాయి. మీ నాయికకు మాత్రమే జరగగలిగిన పరిచయం కావాలంటే చిట్టాలోంచి ఒక పనిని తీసుకుని దాన్ని సంఘటనగా మార్చండి. మన నవలలో అది ఇలా ఉండవచ్చు:

"రాత్రి తొమ్మిదిన్నరకు షట్టరు సగం దించాక సుజాత బిల్లు పుస్తకం మళ్లీ తెరిచింది. అమ్లోడిపిన్ 5 అని తన చేతిరాతే ఉంది. రాసింది 5, ఇచ్చింది 10 అయితే? రెండు పెట్టెలూ ఒకే అరలో పక్కపక్కనే ఉన్నాయి. స్ట్రిప్పులు బయటికి తీసి లెక్కపెట్టింది. లెక్క సరిపోయింది. లెక్కలో ఒకటి దాటేశానేమో అనిపించి మళ్లీ మొదటినుంచి పెట్టింది. ఈసారీ సరిపోయింది. అయినా బిల్లు మీద ఉన్న నంబరుకు ఫోను చేసింది.

'అండీ, మందుల షాపు నుంచి మాట్లాడుతున్నాను. అమ్మగారికి రాత్రి మాత్ర వేసేశారా?'

'ఇంకా లేదండీ. ఏమైంది?'

'ఏమీ కాలేదు. ఒకసారి ఆ స్ట్రిప్ ఫోటో తీసి పంపిస్తారా?'"

వాసు ఫోటో పంపుతాడు. మందు సరైనదే. మరుసటి నెల మందులు పట్టుకెళ్లిన రాత్రి, ఆమె అడగకముందే ఫోటో వస్తుంది. ఆ రెండో ఫోటో దగ్గర ప్రేమకథ మొదలవుతుంది. అతడు పూలు ఇవ్వలేదు, పెద్ద మాటలు చెప్పలేదు. ఆమె రాత్రి ఎలా గడుస్తుందో ఊహించగలిగాడు, అంతే. అయితే ఈ ఫోటో దగ్గరే ఇద్దరికీ ముందున్న చిక్కు కూడా మొలకెత్తింది. దాన్ని కాసేపట్లో చూద్దాం.

శరీరాన్ని రాసేటప్పుడు

ఈ తరహా నవలలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే చోటు ఇది. గుండె దడదడలాడటం, అరచేతుల్లో చెమట, గొంతు తడారిపోవడం, కడుపులో ఏదో తిప్పినట్టు ఉండటం, ముద్ద దిగకపోవడం, నిద్ర పట్టకపోవడం. మన ప్రేమకథలు తరతరాలుగా ప్రేమకు గుర్తులుగా వాడుకున్న లక్షణాలివి. ఆందోళనకు గుర్తులు కూడా ఇవే. మామూలు నాయికకు గుండె వేగంగా కొట్టుకుంటే ఆమె మురిసిపోతుంది. ఆందోళన పడే నాయికకు అదే వేగం ప్రమాద సంకేతంలా అందుతుంది. వాసు దుకాణం మెట్లెక్కుతుంటే తనలో జరుగుతున్నది ఇష్టమో, మళ్లీ అటాక్ రాబోతోందో సుజాతకు అర్థం కాదు. అతడు వచ్చే తేదీన సెలవు పెడుతుంది. అతడు దాన్ని అయిష్టమనుకుంటాడు.

ఇక్కడ ఏ దుష్టపాత్రా లేకుండానే, ఎవరూ అబద్ధం చెప్పకుండానే ప్రేమికుల మధ్య నిజమైన అపార్థం పుట్టింది. మీ నవల మధ్యభాగంలో కనీసం రెండు అధ్యాయాలకు ఈ అయోమయం సరిపడా సరుకు ఇస్తుంది. తొందరపడి దీన్ని ఒక సంభాషణతో తేల్చేయకండి. తన శరీరం చెప్పే రెండు సంగతులను ఆమె మెల్లగా వేరుచేసి చూడటం నేర్చుకోనివ్వండి. దడ వస్తున్నా అక్కడే నిలబడి అతడికి చిల్లర లెక్కపెట్టి ఇవ్వగలిగిన రోజు, పాఠకుడికి అది ముద్దు సన్నివేశం కన్నా పెద్ద సంఘటనగా అనిపిస్తుంది.

రాసే పద్ధతిలో ఒక నియమం పెట్టుకోండి. సన్నివేశానికి ఒక్క శారీరక లక్షణం మాత్రమే వాడండి, అది కూడా చేస్తున్న పనిలోంచి కనిపించేలా రాయండి. "ఆమెకు చాలా ఆందోళనగా ఉంది, చేతులు వణికాయి, చెమటలు పట్టాయి" అన్న వాక్యం పాఠకుడికి ఏమీ చూపించదు. "కత్తెర స్ట్రిప్ మీద సరిగ్గా నిలవక, మూడు మాత్రలు కోయాల్సిన చోట నాలుగో దాని సగంలోకి దిగింది" అని రాస్తే ఆ వణుకు పాఠకుడికి కనిపిస్తుంది, వణుకు అన్న మాట రాయనవసరమే ఉండదు.

ఇక ఆలోచనల సంగతి. ఆందోళనలోని ఆలోచన ఒక మెట్టు మీద ఆగదు. మందు తప్పు ఇస్తే, ఆవిడ కళ్లు తిరిగి పడితే, తలకు దెబ్బ తగిలితే, పోలీసులు వస్తే, నాన్న తలెత్తుకోలేకపోతే అంటూ ఊపిరి తీసుకోకుండా దిగిపోతుంది. అటువంటి చోట పొడవైన ఒకే వాక్యం రాయండి, తర్వాత బయటి ప్రపంచపు చిన్న వాక్యం ఒకటి పెట్టి తెంపండి: "అక్కా, డోలో ఒకటియ్యి." ఇటువంటి గొలుసు నవల మొత్తంలో నాలుగైదు చోట్ల వస్తే చాలు. నవల ఉత్తమ పురుషలో ఉన్నా, ప్రథమ పురుషలో ఉన్నా, కథంతా ఆమె తలలోనే జరిగితే పాఠకుడికి గాలి ఆడదు. అందుకే దుకాణం, వీధి, ఇల్లు, గోదావరి ఒడ్డు కథలో తరచూ కనబడుతూ ఉండాలి.

నాయకుణ్ణి డాక్టరుగా మార్చకండి

ప్రేమ దొరకగానే ఆందోళన మాయమైపోయే కథ రాస్తే, ప్రేమించేవాళ్లు ఉండి కూడా బాధపడుతున్న పాఠకురాలికి "నీ ప్రేమలోనే లోపం ఉంది" అని చెప్పినట్టవుతుంది. ఇది నేను తేలిగ్గా తీసుకోలేని విషయం.

దీనికి విరుగుడు మనస్తత్వ శాస్త్రంలోనే ఉంది, పైగా కథకు చాలా పనికొస్తుంది. ఆందోళన పడే మనిషి ఎదుటివారిని "ఏమీ కాదు కదా?" అని అడగడం, వాళ్లు "ఏమీ కాదు" అని భరోసా ఇవ్వడం, కాసేపు ఉపశమనం కలగడం, తర్వాత అనుమానం తిరిగి లేచి మళ్లీ అడగడం ఒక చక్రంలా తిరుగుతుంది. భరోసా అందిన ప్రతిసారీ, అది లేకుండా నిలబడలేనన్న నమ్మకం మనసులో గట్టిపడుతుంది. అంటే ప్రేమకొద్దీ సమాధానం చెప్పే మనిషే, తెలియకుండా ఆ చక్రాన్ని తిప్పుతూ ఉంటాడు. మొదట్లో వాసు పంపిన ఫోటో గుర్తుంది కదా! ఆ ఒక్క ఫోటో నాలుగు నెలల్లో రోజుకు ఇరవై మెసేజీలు అవుతుంది. ఇంటికి చేరారా, కోపం వచ్చిందా, నిన్న నేనన్న మాటకు బాధపడ్డారా, నీలం టిక్కులు పడ్డాయి కానీ జవాబు ఎందుకు రాలేదు? వాసు మోటారు విప్పి రాగి తీగ చుడుతున్న చేతులతోనే ఫోను తీసి జవాబిస్తాడు. ఒక మధ్యాహ్నం చుట్ల లెక్క తప్పి, రైతు మోటారు పొలంలో కాలిపోతుంది. వరి పొట్టకొచ్చే రోజులు. ఆ రైతు వచ్చి షాపు ముందు నిలబడతాడు.

నవలలో సంక్షోభం ఇదే కావాలి. రోడ్డు ప్రమాదం, విలన్ అపహరణ, అకస్మాత్తుగా ఊడిపడే మేనమామ కొడుకు అక్కర్లేదు. ప్రేమలోని మంచితనం నుంచే కష్టం పుట్టింది కాబట్టి తప్పు ఎవరి మీదా నెట్టలేం. పాఠకుణ్ణి పేజీ తిప్పించేది కూడా అదే.

వాసుకు సొంత బతుకు ఉండాలన్నది దీనివల్లే మరింత అవసరమవుతుంది. అతడికి షాపు అప్పు ఉండాలి, తల్లి ఆరోగ్యం ఉండాలి, విసుగు రావాలి. ఎంతకీ విసుగు రాని నాయకుడు మనిషిలా కనిపించడు. అతడు ఒక్కసారైనా ఫోను కట్టేసి పడుకోవాలి. మర్నాడు దానికి అతడు పడే బాధను కూడా మీరు రాయాలి.

ఇల్లు, పెళ్లిచూపులు, చికిత్స

మన ఇళ్లలో ఆందోళనకు పేరు ఉండదు. "దానికి చిన్నప్పటినుంచీ పిరికితనం", "ఖాళీగా ఉంటే ఇలాంటి ఆలోచనలే వస్తాయి", "పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి" అన్న మాటలు ఉంటాయి. ఈ మాటలు అనే తల్లిని దుర్మార్గురాలిగా చూపించకండి. సుజాత తల్లి పెళ్లిచూపుల ముందు కూతురికి తాయెత్తు కడుతుంది. వంతెన సంగతి మగపెళ్లివారి దగ్గర ఎత్తవద్దని చెల్లెలితో రహస్యంగా చెబుతుంది. ఆవిడ భయం కూడా నిజమైన భయమే. కథ హైదరాబాదులో జరిగితే ఇంట్లో ఎవరో కోపంలో విసిరే "ఎర్రగడ్డ" (అక్కడి మానసిక చికిత్సాలయం ఉన్న చోటు) అన్న ఒక్క మాట, ఆ కుటుంబం మానసిక వైద్యాన్ని ఎలా చూస్తుందో చెప్పేస్తుంది.

చికిత్సను కథలోకి తేవాలనుకుంటే వివరాలు సరిగ్గా ఉండాలి. మొదటి అడుగు ఫోనుతో పడవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సహాయవాణి 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడతారు. తెలియని నంబర్లకు జవాబివ్వని సుజాత, తానే ఒక తెలియని నంబరుకు ఫోను చేయడం మంచి సన్నివేశం అవుతుంది. సైకియాట్రిస్టు మందులు రాస్తారు, సైకాలజిస్టు మాటల ద్వారా చికిత్స చేస్తారు. ఈ రెంటినీ కలిపేయకండి. ఆందోళనకు సాధారణంగా రాసే మందులు పని చూపడానికి కొన్ని వారాలు పడుతుంది. రెండో రోజే నాయిక ప్రశాంతంగా నిద్రపోయినట్టు రాయకండి. మందులను తనంతట తాను హఠాత్తుగా ఆపేయడాన్ని ధైర్యంగా చిత్రించడం మరీ ప్రమాదకరం.

చికిత్సలో ఒక భాగం మీకు అధ్యాయాల ప్రణాళికగా కూడా ఉపయోగపడుతుంది. భయపడే విషయాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, సులువైన దానితో మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టు మీద భయం దిగేదాకా నిలబడటం అలవాటు చేస్తారు. సుజాత మెట్లు ఇవి కావచ్చు: పుష్కర ఘాట్‌లో కూర్చుని వంతెనను చూడటం, వంతెన మొదటి దీపస్తంభం దాకా నడిచి రావడం, చెల్లెలితో ఆటోలో దాటడం, వాసుతో బస్సులో దాటడం, ఒంటరిగా బస్సులో దాటడం. 1974లో ప్రారంభమైన ఆ రోడ్డు కం రైలు వంతెన రోడ్డు భాగం నాలుగు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. పైన రోడ్డు, కింద రైలు. ట్రాఫిక్ నిలిచిపోయి బస్సు నడి గోదావరి మీద ఆగితే, అదే సమయంలో కిందనుంచి గూడ్సు రైలు వెళితే సుజాతకు ఎలా ఉంటుందో రాయడానికి మీకు ప్రత్యేకంగా ప్రమాదం కల్పించాల్సిన పని లేదు. మీ కథ ఏ ఊళ్లో జరిగినా, అక్కడి నిజమైన చోటు ఒకటి ఇలా ఎంచుకుని దాని కొలతలు, శబ్దాలు, రద్దీ వేళలు తెలుసుకోండి.

ఒక హెచ్చరిక. నాయకుడు సర్‌ప్రైజ్ పేరుతో నాయికను బస్సెక్కించి వంతెన మీదికి తీసుకెళ్లే సన్నివేశం రాయాలని చేయి లాగుతుంది. ఆమె అనుమతి లేకుండా, ఆమె సిద్ధపడకుండా చేసే ఆ పని ప్రేమ అనిపించుకోదు, వైద్యమూ అనిపించుకోదు. మెట్టు ఎప్పుడు ఎక్కాలో ఆమే నిర్ణయించాలి.

దగ్గరితనాన్ని మెల్లగా పెంచండి

తెలుగులో ఇద్దరు దగ్గరయ్యే దూరాన్ని పిలుపులోనే కొలవవచ్చు. "మేడమ్" నుంచి "సుజాత గారూ" దాకా, అక్కడినుంచి "సుజాతా" దాకా, "మీరు" నుంచి "నువ్వు" దాకా ప్రతి మార్పుకూ ఒక సన్నివేశం కేటాయించండి. "నువ్వు" అని పొరపాటున టైపు చేసి పంపేశాక, ఆ మెసేజీ తొలగించాలా వద్దా అని సుజాత గంటసేపు కూర్చునే రాత్రి ఒక పూర్తి అధ్యాయానికి సరిపోతుంది. ధారావాహికగా భాగాలు భాగాలుగా ప్రచురించేవారికి ఇటువంటి చోట్లే సహజమైన ఆపుదలలు. ప్రతి భాగాన్నీ అటాక్ మీద ఆపే అలవాటు మాత్రం చేసుకోకండి.

ముగింపు

ప్రేమ నవల చదివేవారు ఇద్దరూ కలవాలని ఆశిస్తారు, ఆ ఆశను గౌరవించండి. కలిపేటప్పుడు చిట్టాలోని అన్ని భయాలనూ ఒకేసారి తుడిచేయకండి. ఒకదాన్ని దాటించండి, ఒకదాన్ని సగంలో ఉంచండి, ఒకదాన్ని అలాగే వదిలేయండి. సుజాత వంతెన దాటుతుంది. ఫోటోల విషయంలో, సైకాలజిస్టు సమక్షంలో ఇద్దరూ కలిసి ఒక ఒప్పందానికి వస్తారు: ఆమె అడిగితే వాసు వెంటనే భరోసా ఇవ్వడు, "నీకేమనిపిస్తోంది?" అని అడిగి పక్కనే కూర్చుంటాడు. తాళం మాత్రం ఇంకా రెండుసార్లు లాగి చూస్తూనే ఉంటుంది. పెళ్లి తర్వాత కూడా ఆందోళన వచ్చే రోజులుంటాయని పాఠకుడికి తెలియాలి, ఆ రోజుల్లో ఇద్దరూ ఏం చేస్తారో కూడా తెలియాలి. అప్పుడే ఆ కలయిక నమ్మదగినదిగా ఉంటుంది.

చిత్తుప్రతి పూర్తయ్యాక

రాతప్రతిని రెండు వారాలు పక్కన పెట్టి, తర్వాత మూడు రంగుల పెన్నులతో చదవండి. గుండె దడ, చెమట, వణుకు వచ్చిన ప్రతిచోటా ఒక రంగు. ఎవరో నాయికకు ధైర్యం చెప్పిన ప్రతిచోటా రెండో రంగు. నాయిక తనంతట తాను ఒక నిర్ణయం తీసుకున్న ప్రతిచోటా మూడో రంగు. నవల రెండో సగంలో మొదటి రెండు రంగులు తగ్గుతూ, మూడోది పెరుగుతూ ఉండాలి. లేకపోతే కథ ముందుకు నడుస్తున్నా నాయిక ఉన్నచోటే ఉండిపోయిందని అర్థం.

తర్వాత, ఆందోళనతో జీవించిన అనుభవం ఉండి, చదవడానికి ఇష్టపడే ఒకరికి ఇవ్వండి. వీలైతే మానసిక వైద్యరంగంలో పనిచేసే మరొకరికి చికిత్స అధ్యాయాలు మాత్రం చూపించండి. "బాగుందా?" అని అడిగితే మర్యాదకు బాగుందంటారు. "ఏ పేజీ దగ్గర ఇది నిజం కాదు అనిపించింది?" అని అడగండి, పేజీ నంబరు రాసి ఇమ్మనండి. తిరగరాయడం ఆ పేజీతోనే మొదలుపెట్టండి.